ఇంట గెలిచి రచ్చ గెలవడం: అమెరికా ప్రైమరీల్లో మాటల పోరు, పార్టీ ఐక్యత (తరచుగా అడిగే ప్రశ్నలు)

2008లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక జనవరి 3న అయోవాలో మొదలై జూన్ 3న మోంటానా, సౌత్ డకోటాలతో ముగిసింది. సరిగ్గా అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ ఒకరినొకరు అన్న మాటలు ఆ తర్వాత ప్రతి అధ్యక్ష ఎన్నికల ముందూ చర్చకు వస్తూనే ఉన్నాయి. సొంత పార్టీవాళ్లే ఇలా దుమ్మెత్తిపోసుకుంటే రేపు కలిసి ఎలా పనిచేస్తారన్న సందేహం హైదరాబాద్‌లో కూర్చుని చూసేవారికీ వస్తుంది, న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఓటు హక్కు ఉన్న తెలుగువారికీ వస్తుంది. అలాంటి ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ప్రధాన ఉదాహరణగా 2008నే తీసుకున్నాను. అంత హోరాహోరీగా సాగి, అంత కటువుగా మాట్లాడుకుని, చివరికి అంత చక్కగా ఒక్కటైన పోరు నాకు మరొకటి కనిపించలేదు.

ప్రైమరీ అంటే మన దగ్గర టికెట్ ఇవ్వడం లాంటిదేనా?

పని అదే, పద్ధతి వేరు. మన దగ్గర టికెట్ ఎవరికన్నది పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికందేదాకా ఆశావహులు నాయకుడి ఇంటి చుట్టూ తిరుగుతారు. ఒకరిపై ఒకరు చెప్పుకునే చాడీలు చాలావరకు మూసిన తలుపుల వెనకే ఉండిపోతాయి. టికెట్ రానివారి కోపం మాత్రం వీధిన పడుతుంది. ఫ్లెక్సీలు చిరుగుతాయి, రెబెల్ నామినేషన్లు పడతాయి.

అమెరికాలో ఆ టికెట్‌ను ఇచ్చేది ఓటర్లు. ఒక్కో రాష్ట్రం ఒక్కో తేదీన ప్రైమరీ ఎన్నికనో, ఓటర్లంతా ఒకచోట చేరి తమ అభ్యర్థిని ఎంచుకునే కాకస్ సభలనో నిర్వహిస్తుంది. వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు దక్కుతారు. ఆ డెలిగేట్లు వేసవిలో జాతీయ మహాసభలో ఓటు వేసి అభ్యర్థిని అధికారికంగా ప్రకటిస్తారు. ఇంత బాహాటంగా జరిగే ఎంపిక కాబట్టి ఇంటి పోరు కూడా బాహాటంగానే జరుగుతుంది. ప్రత్యర్థి పార్టీ ఎదురింటి అరుగు మీద కూర్చుని ప్రతి మాటా రాసుకుంటూ ఉంటుంది.

2008లో అయిదు నెలలు ఎందుకు పట్టింది?

లెక్కల వల్ల. రిపబ్లికన్ పార్టీ అప్పట్లో చాలా రాష్ట్రాల్లో మొదటి స్థానంలో నిలిచినవారికే డెలిగేట్లందరినీ ఇచ్చేసేది. అందుకే జాన్ మెకేన్ మార్చి 4కే అభ్యర్థిత్వం ఖాయం చేసుకున్నారు. డెమొక్రటిక్ పార్టీ మాత్రం 15 శాతం ఓట్లు దాటినవారందరికీ దామాషా ప్రకారం పంచుతుంది. రాష్ట్రం ఓడినా సగానికి దగ్గరగా డెలిగేట్లు వస్తారు. గెలిచినా పెద్దగా మిగిలేది ఉండదు. టెక్సాస్‌లో ప్రైమరీ ఓట్లలో క్లింటన్ గెలిచారు. అదే రాష్ట్రంలో జరిగిన కాకస్‌ను కూడా కలిపితే ఎక్కువ డెలిగేట్లు ఒబామాకు దక్కారు.

ఫిబ్రవరి 5న ఇరవైకి పైగా రాష్ట్రాలు ఒకేరోజు ఓటు వేసినా ఫలితం తేలలేదు. ఆ తర్వాత ఒబామా వరుసగా 11 పోటీలు గెలిచి ముందుకు వెళ్లారు. మార్చి 4న ఒహాయో, టెక్సాస్‌లలో క్లింటన్ మళ్లీ నిలదొక్కుకున్నారు. దీనికి తోడు, ప్రజల ఓటుతో సంబంధం లేకుండా తమ ఇష్టప్రకారం ఓటు వేయగల సూపర్ డెలిగేట్లు సుమారు 800 మంది ఉన్నారు. మొత్తం ప్రతినిధుల్లో వారు దాదాపు అయిదో వంతు. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. వాళ్లు ఎటు మొగ్గుతారో తేలనంతకాలం వెనకబడినవారికి కూడా ఆశ చావదు.

ఇద్దరి విధానాలూ దాదాపు ఒకటే కదా, మరి మాటలు అంత కటువుగా ఎందుకు సాగాయి?

విధానాలు ఒకటే కావడం వల్లనే. రెండు పార్టీల మధ్య పోటీ అయితే పన్నుల గురించో యుద్ధం గురించో మాట్లాడుకుంటే తేడా అందరికీ కనిపిస్తుంది. ఒకే పార్టీలో ఆ తేడా కనిపించదు. అప్పుడు మిగిలేవి మనిషి స్వభావం, అనుభవం, విశ్వసనీయత. చర్చ వాటి మీదికి మళ్లితే ప్రతి విమర్శా వ్యక్తిగతమవుతుంది.

ఆరోగ్య బీమా విషయమే చూడండి. అందరికీ బీమా అందుబాటులోకి రావాలని ఇద్దరూ అన్నారు. ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవడం తప్పనిసరి చేయాలన్నది క్లింటన్ వాదన. పిల్లల విషయంలో మాత్రమే తప్పనిసరి చాలు అన్నది ఒబామా వాదన. పైకి చూస్తే చిన్న తేడా. దాని మీద ఒబామా శిబిరం ఒహాయో ఓటర్ల ఇళ్లకు కరపత్రాలు పంపింది. ఫిబ్రవరి 23న సిన్సినాటిలో క్లింటన్ ఆ కరపత్రాలను చేత్తో పైకెత్తి చూపిస్తూ, సిగ్గుపడాలి బరాక్ ఒబామా అని విలేకరుల ముందే గద్దించారు. రెండేళ్ల తర్వాత, 2010లో, ఒబామా సంతకం చేసిన ఆరోగ్య చట్టంలో తప్పనిసరి బీమా నిబంధన ఉంది. అంటే అంత రభస జరిగిన అంశంలో చివరికి చట్టంలోకెక్కింది క్లింటన్ మాటే. ఆ పోరాటం వృథా పోలేదనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలియదు.

ఆ పోటీలో ఎక్కువగా గాయపరిచిన మాటలు ఏవి?

కొన్ని అభ్యర్థుల నోటినుంచి వచ్చాయి, ఎక్కువ వారి చుట్టూ ఉన్నవారి నోటినుంచి వచ్చాయి.

జనవరి 5న న్యూహాంప్‌షైర్ చర్చావేదికపై, జనానికి మీకన్నా ఒబామా ఎక్కువగా నచ్చుతున్నారట కదా అని క్లింటన్‌ను అడిగారు. ఆమె నవ్వుతూ, ఆ మాటకు మనసు నొచ్చుకుందని సరదాగా జవాబిచ్చారు. పక్కనున్న ఒబామా కాగితం మీంచి తల సరిగా ఎత్తకుండానే, పరవాలేదు హిల్లరీ, మీరూ నచ్చుతారు అన్న ధోరణిలో ఒక ముక్క విసిరారు. అందులో తిట్టు లేదు. కాని ఎందరో మహిళలకు అది తమ ఆఫీసుల్లో రోజూ వినే స్వరంలా వినిపించింది. రెండు రోజుల తర్వాత ఒక సభలో, నా చొక్కా ఇస్త్రీ చెయ్యి అంటూ ఆమెపై కేకలు వేసిన మగవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజే పోర్ట్స్‌మత్‌లోని ఒక కాఫీ హోటల్లో ఓటర్లతో మాట్లాడుతూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మరునాడు, సర్వేలన్నీ ఓడిపోతారని చెప్పిన రాష్ట్రంలో ఆమె గెలిచారు.

రెండో వైపు గాయం సౌత్ కరోలినాలో తగిలింది. జనవరి 26న ఒబామా అక్కడ 55 శాతం ఓట్లతో గెలిచిన రోజున, హిల్లరీ భర్త, మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్, నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ కూడా 1984, 1988లలో ఇక్కడ గెలిచారని గుర్తు చేశారు. లెక్క ప్రకారం అది నిజం. అయితే, నల్లజాతి అభ్యర్థి నల్లజాతి ఓటర్లున్న రాష్ట్రంలో గెలిస్తే అదేం గొప్ప అన్న అర్థం జనం అందులో విన్నారు. దశాబ్దాలుగా క్లింటన్ కుటుంబాన్ని తమవారిగా చూసుకున్న నల్లజాతి ఓటర్లకు అది శత్రువు మాటకన్నా ఎక్కువ నొప్పి కలిగించింది. ఆ రాష్ట్రపు సీనియర్ నాయకుడు జేమ్స్ క్లైబర్న్ ఆ ధోరణిని బహిరంగంగానే తప్పుపట్టారు.

మార్చిలో సలహాదారుల వంతు. క్లింటన్‌ను రాక్షసి అన్నందుకు ఒబామా సలహాదారు సమంతా పవర్ రాజీనామా చేశారు. తెల్లవాడై ఉంటే ఒబామా ఈ స్థాయికి వచ్చేవాడే కాదన్న ధోరణిలో మాట్లాడిన జెరాల్డిన్ ఫెరారో, అయిదు రోజుల తేడాతో క్లింటన్ ప్రచార బాధ్యత వదులుకున్నారు. 1984లో ఉపాధ్యక్ష పదవికి ఒక పెద్ద పార్టీ నిలబెట్టిన తొలి మహిళ ఆమె. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలన్నది ఇలాంటి చోటే గుర్తుకొస్తుంది.

ఇక స్వయంకృతాలు. 1996లో బోస్నియా వెళ్లినప్పుడు తుపాకీ కాల్పుల మధ్య విమానం దిగానని క్లింటన్ చెప్పారు. పాత వీడియోలో అక్కడ ఒక చిన్నారి ఆమెకు స్వాగతం పలుకుతూ కనిపించింది. చిన్న పట్టణాల్లో ఉపాధి పోయినవారు ఆ చేదుతో తుపాకులనూ మతాన్నీ పట్టుకు వేలాడుతున్నారని ఒబామా శాన్‌ఫ్రాన్సిస్కోలో దాతల సమావేశంలో అన్న మాట బయటికి పొక్కింది. పెన్సిల్వేనియా పోలింగుకు అప్పటికి పదకొండు రోజులే ఉంది.

అన్ని విమర్శలూ ఒక్కటేనా? గీత ఎక్కడ గీయాలి?

ఒక్కటి కాదు. నా దృష్టిలో గీత చాలా స్పష్టంగా ఉంది. నా ప్రత్యర్థికన్నా నేను మెరుగు అనడం పోటీ. నా ప్రత్యర్థికన్నా ఎదుటి పార్టీ మనిషే మెరుగు అనడం సాక్ష్యం. మొదటిది ఎంత ఘాటుగా ఉన్నా పార్టీ తట్టుకుంటుంది. రెండోదాన్ని ఎదుటి పార్టీ జాగ్రత్తగా దాచుకుని అవసరమైన రోజున బయటికి తీస్తుంది.

తెల్లవారుజామున మూడింటికి వైట్‌హౌస్‌లో ఫోను మోగితే ఎవరు తీయాలని మీరు కోరుకుంటారు, అంటూ క్లింటన్ శిబిరం ఫిబ్రవరి చివరలో ఒక ప్రకటన ఇచ్చింది. నిద్రపోతున్న పిల్లలు, చీకటి గది, మోగుతున్న ఫోను. భయం పుట్టించే ప్రకటనే అయినా అది గీత దాటలేదని నేననుకుంటాను. అధ్యక్ష పదవికి అనుభవం గురించి అడగడం న్యాయమే. గీత దాటింది ఆ తర్వాతి వారంలో. నాకు జీవితకాలపు అనుభవం ఉంది, మెకేన్‌కు జీవితకాలపు అనుభవం ఉంది, ఒబామాకు 2002లో ఇచ్చిన ఒక ఉపన్యాసం ఉంది అని ఆమె అన్నారు. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన ఉపన్యాసం అది. ఆ వాక్యంలో మెకేన్ పేరు అవసరం లేదు. ఆ పేరు లేకుండా కూడా విమర్శ అంతే పదునుగా ఉండేది.

ఆగస్టులో డెమొక్రాట్లు డెన్వర్‌లో మహాసభకు చేరిన వారంలోనే మెకేన్ శిబిరం ఆ మాటలనే, ఆమె గొంతుతోనే ప్రకటనగా వేసింది. మెకేన్ శిబిరం వేస్తున్న ఇలాంటి ప్రకటనల గురించి క్లింటన్ ఆ వారంలోనే తన రాష్ట్ర ప్రతినిధుల ముందు మాట్లాడుతూ, అమెరికాలో అభ్యర్థులు తమ ప్రకటనల చివర చెప్పే వాక్యాన్ని తిరగేశారు: నేను హిల్లరీ క్లింటన్‌ను, ఆ సందేశాన్ని నేను ఆమోదించడం లేదు. హాలంతా చప్పట్లు. అయినా ప్రకటనలు ఆగలేదు.

అలాగని, చెప్పిన ప్రతి విమర్శనూ ఎదుటి పార్టీ వాడుకుంటుందేమోనని నోరు కట్టేసుకోవాలా అంటే అదీ కుదరదు. 1988లో ఆల్ గోర్, మసాచుసెట్స్‌లో ఖైదీలకు వారాంతపు సెలవులిచ్చే పథకం గురించి ఒక చర్చలో ఆ రాష్ట్ర గవర్నర్, తోటి పోటీదారు మైకేల్ డుకాకిస్‌ను నిలదీశారు. ప్రశ్న న్యాయమైనదే. ఆ పథకాన్నే ఆ తర్వాత రిపబ్లికన్లు అలాంటి సెలవులో బయటికొచ్చి నేరం చేసిన విల్లీ హోర్టన్ అనే నల్లజాతి ఖైదీ ముఖంతో జోడించి, జాతి భయాన్ని రగిలించే ప్రచారంగా మార్చారు. తప్పు ప్రశ్నలో ఉందనలేం. సమాధానం సిద్ధం చేసుకోవడానికి డుకాకిస్‌కు అప్పటినుంచి నవంబరు దాకా సమయం ఉంది.

సొంత పార్టీవారిని విమర్శించకూడదన్న నియమం రీగన్ పెట్టారంటారు, నిజమేనా?

సాటి రిపబ్లికన్ గురించి చెడు మాట్లాడకూడదన్న, బైబిలు పది ఆజ్ఞలకు తోడుగా చెప్పుకునే పదకొండో ఆజ్ఞ 1966లో కాలిఫోర్నియా రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు గేలార్డ్ పార్కిన్సన్ నుంచి వచ్చింది. తర్వాత అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పదేళ్ల తర్వాత ఆయనే సొంత పార్టీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌పై పోటీకి దిగి, పనామా కాలువ మొదలుకొని విదేశాంగ విధానం దాకా తూర్పారబట్టారు. వెనకబడినవారు ఎవరైనా ఆ ఆజ్ఞను పాటించడం కష్టం.

గెలిచే దారి దాదాపు మూసుకుపోయాక కూడా క్లింటన్ ఎందుకు తప్పుకోలేదు? పార్టీ కోసం తప్పుకోవలసింది కదా?

మార్చి చివరికే ఈ ఒత్తిడి మొదలైంది. సెనేటర్ పాట్రిక్ లేహీ ఆమెను బరినుంచి తప్పుకోమని బహిరంగంగా కోరారు. గమనించదగ్గ విషయం, ఒబామా ఆ మాట అనలేదు. ఎంతకాలం కావాలంటే అంతకాలం ఆమె పోటీలో ఉండవచ్చని ఆయనే చెప్పారు. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో జూన్‌లో తెలిసింది.

ఓటు వేయని రాష్ట్రాలు ఇంకా ఉండగా పోటీదారును తప్పుకోమనడం ఆ రాష్ట్రాల ఓటర్లకు అవమానం. క్లింటన్ ఆ తర్వాత పెన్సిల్వేనియాలో గెలిచారు, ఇండియానాలో స్వల్పంగా గెలిచారు, వెస్ట్ వర్జీనియాలో 67 శాతం, కెంటకీలో 65 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. అంతమంది వెంట ఉన్న మనిషిని నెట్టేసి ఉంటే ఆ అభిమానులు ఎన్నటికీ కలిసివచ్చేవారు కాదు. మొత్తమ్మీద ఇద్దరికీ చెరో కోటీ 70 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి.

పోటీ సాగినందువల్ల లాభం కూడా జరిగింది. ఒబామా చర్చి పాస్టర్ జెరెమయా రైట్ ప్రసంగాల వివాదం మార్చిలోనే బయటపడింది. మార్చి 18న ఫిలడెల్ఫియాలో జాతి సమస్యపై సుదీర్ఘంగా మాట్లాడి ఆయన దాన్ని ఎదుర్కొన్నారు. అదే అక్టోబరులో బయటపడి ఉంటే? ఇండియానా, నార్త్ కరోలినాల్లో మే 6న ప్రైమరీ కోసం ఊరూరా కార్యకర్తలను తయారుచేసుకున్నారు. నవంబరులో ఆ రెండు రాష్ట్రాలూ ఒబామాకు దక్కాయి. ఇండియానా 1964 తర్వాత, నార్త్ కరోలినా 1976 తర్వాత డెమొక్రటిక్ అభ్యర్థిని గెలిపించడం అదే మొదటిసారి.

ఫ్లోరిడా, మిషిగన్ గొడవ ఏమిటి?

ఆ రెండు రాష్ట్రాలు పార్టీ నిర్ణయించిన తేదీలను కాదని ముందే ప్రైమరీలు పెట్టుకున్నాయి. శిక్షగా పార్టీ వారి డెలిగేట్లందరినీ రద్దు చేసింది. మిషిగన్‌లో ఒబామా తన పేరు బ్యాలెట్ నుంచి తీసేయించుకున్నారు, క్లింటన్ ఉంచుకున్నారు. రెండుచోట్లా ఆమె గెలిచి, ఆ ఓట్లను లెక్కించాలని పట్టుబట్టారు. ఆట మధ్యలో నియమాలు మార్చమంటారా అని ఒకవైపు, లక్షల ఓట్లను చెత్తబుట్టలో వేస్తారా అని మరోవైపు.

మే 31న వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో పార్టీ నియమాల కమిటీ రోజంతా కూర్చుంది. ప్రతినిధులను అనుమతించి, ఒక్కొక్కరికి అర ఓటు చొప్పున ఇచ్చింది. మిషిగన్ డెలిగేట్లను 69, 59గా పంచింది. క్లింటన్ సన్నిహితుడు హెరాల్డ్ ఇకీస్ తమ నాలుగు డెలిగేట్లను లాక్కున్నారని మండిపడ్డారు. గదిలో కూర్చున్న అభిమానులు డెన్వర్, డెన్వర్ అని నినదించారు, అంటే మహాసభ దాకా పోరాడతామని. అభిమానులు కటువైన మాటను మరిచిపోగలరు, అన్యాయం జరిగిందన్న భావనను మరిచిపోలేరు. ఆ కమిటీ పూర్తిగా ఎవరికీ తలొగ్గకుండా సగం సగం తేల్చడం, పోటీ ముగిశాక ఆగస్టులో ఒబామాయే కోరి ఆ రాష్ట్రాలకు పూర్తి ఓట్లు ఇప్పించడం రెండూ మంచి పనులే.

ఓడిన అభ్యర్థి మద్దతుదారులు నిజంగా ఎదుటి పార్టీకి ఓటేస్తారా?

వేస్తామంటారు. వేసేవారు అందులో కొందరే. 2008 మార్చిలో గాలప్ సర్వేలో క్లింటన్ మద్దతుదారుల్లో 28 శాతం, ఒబామా మద్దతుదారుల్లో 19 శాతం, తమవారు ఓడితే మెకేన్‌కే వేస్తామన్నారు. పార్టీ ఐక్యతను బూతు మాటతో తోసిపుచ్చే పేరు పెట్టుకుని ఒక క్లింటన్ అభిమానుల బృందం కూడా పుట్టింది. నవంబరు ఎగ్జిట్ పోల్స్ ప్రకారం క్లింటన్ మద్దతుదారుల్లో ఆరుగురిలో అయిదుగురు ఒబామాకే ఓటు వేశారు. మార్చిలో ఉన్నది కోపం. దాన్ని అంకెలుగా నమ్మి బెంబేలెత్తడం అనవసరం. అలాగని దానంతట అదే చల్లారుతుందని ఊరుకోవడమూ తప్పే. ఆ కోపం చల్లారడానికి ఇద్దరు మనుషులు అయిదు నెలలు పనిచేశారు.

ఆ పని ఎలా జరిగింది? ఓడినవారు ఏం చేశారు?

మొదటి అడుగు తడబడింది. జూన్ 3 రాత్రి ఒబామా అవసరమైన 2,118 డెలిగేట్లు దాటారు. అదే రాత్రి న్యూయార్క్‌లో క్లింటన్‌ను కాబోయే అధ్యక్షురాలిగా వేదికపైకి పిలిచారు. ఆమె ఓటమి ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తర్వాత, జూన్ 7న, వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియంలో ఒప్పుకున్నారు. ఒబామాకు నా సంపూర్ణ మద్దతు అన్నారు. తన వెనక నిలిచిన మహిళలకు కూడా ఆ రోజు ఒక మాట ఇచ్చారు: మహిళలను పైకి పోనివ్వని ఎత్తయిన ఆ గాజు పైకప్పును పగలగొట్టలేకపోయినా దానికి కోటీ 80 లక్షల బీటలు తెచ్చామని. ఓటమి ప్రసంగంలో అనుచరుల శ్రమకు విలువ కట్టడం అవసరం. ఓడిపోయినవారికి తాము పిచ్చివాళ్లమయ్యామన్న భావన మిగలకూడదు.

ఆగస్టు 26న డెన్వర్‌లో ఆమె ఇంకాస్త ముందుకు వెళ్లారు. మీరు ఈ ప్రచారంలోకి వచ్చింది నా ఒక్కదానికోసమేనా అని సూటిగా అడిగారు. లేక ఆ యువ సైనికుడి కోసమా, క్యాన్సర్‌తో పోరాడుతూ పిల్లలను పెంచుతున్న ఆ తల్లి కోసమా, కనీస వేతనంతో బతుకుతున్న తల్లీకొడుకుల కోసమా? తనపై ఉన్న అభిమానాన్ని వారి చేతుల్లోంచి మెల్లగా తీసుకుని వేరేచోట పెట్టడం అది. ప్రైమరీల చరిత్రలో నేను చదివిన ఐక్యతా ప్రసంగాలన్నిటిలో ఈ ప్రశ్నను మించినది లేదు.

మరునాడు రాష్ట్రాలవారీ ఓటింగు. న్యూమెక్సికో తన వంతును ఒబామా రాష్ట్రమైన ఇల్లినాయ్‌కి ఇచ్చింది, ఇల్లినాయ్ దాన్ని క్లింటన్ రాష్ట్రమైన న్యూయార్క్‌కు ఇచ్చింది. ప్రతినిధుల గుంపును చీల్చుకుంటూ క్లింటన్ మైకు దగ్గరికి వచ్చారు. లెక్కింపు ఆపి, బరాక్ ఒబామాను ఏకగ్రీవంగా ఎన్నుకోవాలని తానే ప్రతిపాదించారు. సభాధ్యక్షురాలు నాన్సీ పెలోసీ అభిప్రాయం అడగడమే ఆలస్యం, హాలు హోరెత్తింది.

గెలిచినవారి బాధ్యత ఏమీ లేదా?

అసలు బరువంతా వారిదే అంటాను. ఓడినవారు చేయి చాచడానికి అభిమానం అడ్డొస్తుంది, గెలిచినవారికి ఆ ఇబ్బంది లేదు. పోటీ ముగిసేనాటికి క్లింటన్ ప్రచారానికి 2 కోట్ల డాలర్లు దాటిన అప్పు మిగిలింది. జూన్ చివర్లో ఒబామా తన దాతలను ఆ అప్పు తీర్చడానికి సాయపడమన్నారు. తనూ భార్య మిషెల్ చెరొక 2,300 డాలర్ల చెక్కు రాశారు. అప్పటి చట్టం ప్రకారం ఒక మనిషి ఇవ్వగల గరిష్ఠ మొత్తం అంతే.

జూన్ 27న ఇద్దరూ కలిసి న్యూహాంప్‌షైర్‌లోని యూనిటీ అనే ఊరికి వెళ్లారు. రెండు వేల జనాభా కూడా లేని పల్లె. పేరుకు అర్థం ఐక్యత. జనవరి ప్రైమరీలో ఆ ఊళ్లో ఒబామాకు 107 ఓట్లు, క్లింటన్‌కు కూడా 107 ఓట్లే వచ్చాయి. బడి పక్కనున్న మైదానంలో సభ. ఆ వేదిక ఏర్పాటులో నాటకీయత ఉందని విమర్శించినవారున్నారు. ఉండనివ్వండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉండటాన్ని కళ్లారా చూడడం అభిమానులకు అవసరం.

లోటు ఒకటి ఉంది. ఉపాధ్యక్ష పదవికి ఒబామా జో బైడెన్‌ను ఎంచుకున్నప్పుడు క్లింటన్ అభిమానులు మళ్లీ నొచ్చుకున్నారు. మెకేన్ శిబిరం వెంటనే దాని మీద కూడా ప్రకటన వేసింది. ఎన్నికలయ్యాక ఒబామా ఆమెకు విదేశాంగ మంత్రి పదవి ఇచ్చారు. మూడింటి ఫోను గురించి అంత రభస చేసిన ఆమెనే, ఆ ఫోన్లు వచ్చే శాఖకు.

పోటీ ఎక్కువకాలం సాగితే నవంబరులో ఓడిపోతారన్నది నిజమా?

1976లో రీగన్‌తో కాన్సస్ సిటీ మహాసభ దాకా పోరాడిన ఫోర్డ్ ఓడిపోయారు. 1980లో సొంత పార్టీ సెనేటర్ టెడ్ కెనడీతో పోరాడిన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఓడిపోయారు. ఆ ఏడాది మహాసభ చివరి రాత్రి కెనడీ వేదికపైకి వచ్చి కరచాలనం చేశారు గాని, ఇద్దరూ చేతులు కలిపి పైకెత్తే ఫొటో కోసం కార్టర్ ఆయన వెంట తిరిగినట్లయింది. ఆ ఫొటో రాలేదు. వీటిని చూసి అలా అంటారు. కాని బలహీనపడిన అధ్యక్షుడి మీదకే సొంతవాళ్లు పోటీకి వస్తారు. ధరలు, నిరుద్యోగం, ఇరాన్‌లో బందీలు, ఇవి కార్టర్‌ను కెనడీకన్నా ముందే కుంగదీశాయి. జబ్బు ముందు, జ్వరం తర్వాత.

అదే 1980లో రిపబ్లికన్ల వైపు చూడండి. రీగన్ ఆర్థిక విధానాన్ని జార్జ్ బుష్ చేతబడి అని ఎగతాళి చేశారు. జూలైలో రీగన్ ఆయన్నే ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నారు, గెలిచారు. 2019లో కమలా హ్యారిస్ నల్ల, తెల్ల పిల్లలను ఒకే బడిలో కలిపేందుకు బస్సుల్లో పంపే విధానం విషయమై బైడెన్‌ను చర్చావేదికపై నిలువునా కడిగేశారు. ఏడాది గడిచాక ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఆమెనే ఎంచుకున్నారు.

ఓడినవారు మన దగ్గరలా రెబెల్‌గా పోటీ చేయలేరా?

చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవారిని అదే పదవికి మళ్లీ బ్యాలెట్ ఎక్కనివ్వని చట్టాలున్నాయి. అధ్యక్ష ఎన్నికకు అవి వర్తించే తీరు మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 1912లో థియొడోర్ రూజ్‌వెల్ట్, తాను ఎంపిక చేసి అధ్యక్షుణ్ని చేసిన మిత్రుడు విలియం టాఫ్ట్‌పై తిరగబడి, అభ్యర్థిత్వం దక్కక కొత్త పార్టీ పెట్టారు. ఓట్లు చీలాయి. వుడ్రో విల్సన్‌కు 435 ఎలక్టోరల్ ఓట్లు, రూజ్‌వెల్ట్‌కు 88, పదవిలో ఉన్న టాఫ్ట్‌కు 8. ఆరేళ్లకు షికాగోలోని ఒక హోటల్ భోజనశాలలో ఇద్దరూ తారసపడి చేతులు కలిపితే, చుట్టూ తింటున్నవారంతా చప్పట్లు కొట్టారు.

2016లో క్లింటన్, సాండర్స్ మధ్య కూడా ఇలాగే జరిగిందా?

బయటి ఆకారం అదే, లోపలి కథ వేరు. ప్రైమరీల్లో ఓడిన సెనేటర్ బెర్నీ సాండర్స్ జూలై 12న పోర్ట్స్‌మత్‌లో క్లింటన్‌కు మద్దతు ప్రకటించారు. పది రోజులకు, మహాసభ ముంగిట, పార్టీ కార్యాలయంలోని కొందరు సాండర్స్‌ను చిన్నచూపు చూసినట్లు తెలిపే ఈమెయిళ్లు వికీలీక్స్ ద్వారా బయటపడ్డాయి. పార్టీ అధ్యక్షురాలు డెబ్బీ వాసర్‌మన్ షుల్జ్ రాజీనామా చేశారు. 2008లో నియమాల కమిటీ కాపాడగలిగిన నమ్మకం ఈసారి పోయింది. ఆ కోపంలోంచే 2018లో సూపర్ డెలిగేట్లకు మొదటి విడత ఓటింగులో ఫలితాన్ని మార్చే వీలు లేకుండా నియమం వచ్చింది.

జూలై 26న ఫిలడెల్ఫియాలో ఓటింగు జరిగింది. విదేశాల్లో ఉంటున్న డెమొక్రాట్ల తరఫున లేచిన సాండర్స్ అన్నయ్య లారీ, తల్లిదండ్రులను తలచుకుంటూ గద్గద స్వరంతో తమ్ముడికి ఓటు వేశారు. సాండర్స్ సొంత రాష్ట్రం వెర్మాంట్ తన వంతు వదులుకుని చివరికి ఆగింది. అప్పుడు సాండర్స్ మైకు అందుకుని, ఎనిమిదేళ్ల కిందట డెన్వర్‌లో క్లింటన్ చేసినట్లే, ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకోవాలని ప్రతిపాదించారు. హాలులో చప్పట్లు మోగాయి. ఆయన అభిమానులైన ప్రతినిధులు వందల మంది లేచి బయటికి నడిచి, విలేకరుల గుడారంలో బైఠాయించారు.